నలభై ఒక్క రోజుల కొలత

తిరుపతమ్మ గొంతు వీధి చివరి దాకా వినిపించేది. బెజవాడ విద్యాధరపురంలో వాళ్ళది మూడో అంతస్తు. పొద్దున్నే వరండాలో నిలబడి ఆవిడ "మస్తానూ, ఆగు!" అని ఒక్క కేక వేస్తే, మలుపు తిరిగిపోయిన కూరగాయల బండి కూడా వెనక్కి వచ్చేది. ఆవిడ నవ్వితే కింది వాటావాళ్ళు తలలు బయటపెట్టి, "ఏంటి వదినా, మాకూ చెప్పొచ్చుగా" అనేవారు. కోపం వచ్చినా అంతే. దాచుకోవడం, మనసులో పెట్టుకోవడం ఆవిడకు తెలియవు. పది నిమిషాలు ఇల్లు దద్దరిల్లేది, పదకొండో నిమిషానికి కాఫీ కలిపి తెచ్చేది.

భర్త రంగనాయకులు ఇందుకు పూర్తిగా ఎదురు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. బస్సులో టిక్కెట్టు కావాలన్నా కండక్టరు తనవైపు చూసేదాకా ఊరుకునే మనిషి.

"మా ఇద్దరికీ కలిపి దేవుడు ఒకటే గొంతు ఇచ్చాడమ్మా. దాచమని నా దగ్గర పెట్టాడు" అనేది తిరుపతమ్మ.

అలాంటి మనిషి ఒక రోజు నీళ్ళ ట్యాంకరువాడితో పోట్లాడుతూ మాట మధ్యలో కూలిపోయింది. గుండెను నడిపించే సహజమైన విద్యుత్తు తడబడుతోందనీ, యంత్రం పెట్టక తప్పదనీ డాక్టర్ అరుంధతి చెప్పింది. మామూలు యంత్రాలకు బ్యాటరీ ఉంటుంది. కొన్నేళ్ళకొకసారి కోసి మార్చాలి. తిరుపతమ్మ గుండె గోడ పలచన. మాటిమాటికీ కత్తి పెట్టే గుండె కాదది.

రంగనాయకులు ఆ మాట విని తల పైకెత్తాడు. గన్నవరం దగ్గర చిప్పుల ప్రయోగశాలలో ఆయనా, ఆయన కింద ఆరుగురూ ఆరేళ్ళుగా తయారుచేస్తున్నది సరిగ్గా అలాంటివాళ్ళ కోసమే. దానికి వాళ్ళు 'మితం' అని పేరు పెట్టుకున్నారు. బ్యాటరీ లేదు. ఒంటి వేడి మీదే నడుస్తుంది. ఒంటి వేడి నుంచి పుట్టే విద్యుత్తు చెప్పుకోదగ్గంత కూడా కాదు. అందులోంచి ఒక్క బొట్టు వృథా కాకూడదు. ఆ పొదుపు పని రంగనాయకులుది.

ఆయన తండ్రి కృష్ణా కాలువ మీద లస్కరు. లాకుల దగ్గర నీళ్ళు వదిలే ఉద్యోగం. ఏ బోదెకు, అంటే ఏ పిల్లకాలువకు ఎంత నీరు, ఏ రోజు ఎవరి వంతు, అన్నీ ఆయన బుర్రలోనే ఉండేవి. "కాలువ నిండుగా పారితే చూడ్డానికి బాగుంటుందిరా నాయనా, కానీ సగం నీరు భూమే తాగేస్తుంది. అడిగినవాడికి అడిగినంత, అడిగినప్పుడు వదలాలి" అనేవాడు. మామూలు చిప్పులో విద్యుత్తు నిండు కాలువలాగే అన్నిచోట్లా పారుతుంది, పని ఉన్నచోటా లేనిచోటా. రంగనాయకులు ఆ కాలువను వందల బోదెలుగా విడగొట్టాడు. ప్రతి బోదెకూ తలుపు పెట్టాడు. గుండె నిమిషానికి డెబ్భైసార్లు కొట్టుకుంటే చాలినప్పుడు డెబ్భైకి సరిపడా బోదెలే తెరుచుకుంటాయి. మెట్లెక్కితే ఇంకొన్ని, పరుగెత్తితే మరికొన్ని.

అయినా లెక్క సరిపోలేదు. మూసిన తలుపుల కింద నుంచి కూడా ఊట కారిపోతోంది. అప్పుడాయనకు తండ్రి మాటల్లోనే ఇంకొకటి గుర్తొచ్చింది. ఎవరూ నీరు అడగని బోదెను రైతులు పూడ్చి దున్నేసేవారు. పూడ్చిన చోట ఊట ఉండదు. అలాగే మనిషి ఒంట్లో పెట్టాక మితం కొన్ని రోజులు గమనిస్తుంది. ఆ రోజుల్లో ఒక్కసారి కూడా అవసరపడని బోదెలను శాశ్వతంగా కాల్చి మూసేస్తుంది. మిగిలినవి ఆ మనిషికి సరిగ్గా సరిపోతాయి, దర్జీ కొలతలు తీసుకుని కుట్టినట్టు. ఇక జన్మంతా పనిచేస్తుంది.

ఎన్ని రోజులు గమనించాలి? ప్రయోగశాలలో దానిమీద ఒక పూట వాదన జరిగింది. ఒకరు పదిహేనన్నారు, ఒకరు తొంభై అన్నారు. తొంభై రోజులు ఊటను భరించే శక్తి ఆ చిప్పుకు లేదు.

"మండలం పెడదాం. నలభై ఒక్క రోజులు" అన్నాడు రంగనాయకులు.

"ఎందుకు సార్ నలభై ఒకటి?" అని ఒక అమ్మాయి అడిగింది.

"మనిషికి ఏదన్నా అలవాటు కావాలంటే మండలం పడుతుందంటారు కదా" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వుతూనే రాసుకున్నారు. తర్వాత ఆ అంకెను ఎవరూ మళ్ళీ కదపలేదు.

*

మితం పెట్టించుకున్న పన్నెండో మనిషి తిరుపతమ్మ. ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రివాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. వారం విశ్రాంతి తర్వాత నలభై ఒక్క రోజులు రోగి తన మామూలు జీవితం గడపాలి అని అందులో ఉంది. రంగనాయకులు దాన్ని చదివి వినిపించాడు కూడా. "మామూలుగా" అన్న మాట ఎంత బరువైనదో ఆయనకు తెలుసు. చెప్పే తీరులో మాత్రం ఆ బరువు లేదు. ఆయన ఏ మాటా బరువుగా చెప్పగలవాడు కాదు.

ఆపరేషన్ బల్ల ఎక్కుతూ తిరుపతమ్మ మొక్కుకుంది. బతికి బయటపడితే భవానీ దీక్ష తీసుకుంటానని. ఎనిమిదో రోజున కొండ మీద అమ్మవారి సన్నిధిలో మాల వేసుకుంది. ఎర్రచీర, ఒంటిపూట భోజనం, చాప మీద పడక. ఎవరినీ గట్టిగా ఒక మాట అనకూడదు. కూతురు కీర్తన కూడా అమ్మను "భవానీ" అనే పిలిచింది.

తిరుపతమ్మ దీక్షను దీక్షలాగే చేసింది. మస్తాన్ బండి మలుపు తిరిగి వెళ్ళిపోతే పోనిచ్చింది. కిందకు దిగలేదు, కేకెయ్యలేదు. ట్యాంకరువాడు మూడు రోజులు రాకపోయినా పల్లెత్తు మాట అనలేదు. నవ్వొస్తే చెంగు అడ్డం పెట్టుకుంది. నలభై ఒక్క రోజులూ ఆ ఇంట్లో హారతి గంట తప్ప మరో చప్పుడు లేదు.

చూస్తూ ఉన్న రంగనాయకులుకు ఆ రెండు నలభై ఒకట్లూ ఒకటేనని ఒక్కనాడూ తట్టలేదు. ఆయనకు అందులో ఒకటి ఆఫీసు, ఒకటి పూజగది. ఆ రెండింటి మధ్యా ఆయన ఎప్పుడూ ఒక తలుపు వేసి ఉంచేవాడు.

నలభై రెండో రోజున ఇరుముడి సమర్పించి, మాల తీసి తిరుపతమ్మ ఇంటికొచ్చింది. ఆ సాయంత్రమే చిప్పు తన కొలత ముగించింది.

*

ఆ తర్వాత ఇల్లు ప్రశాంతంగా ఉంది. అందరూ ఆ మాటే అన్నారు. "దీక్ష మహిమ! మనిషే మారిపోయింది" అంది కింది వాటావిడ. చుట్టాలు వచ్చి మెచ్చుకుని వెళ్ళారు. రంగనాయకులు సాయంత్రాలు కుర్చీలో కూర్చుని పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవగలిగాడు. ప్రయోగశాల నుంచి కుటుంబసభ్యుల అభిప్రాయం అడుగుతూ ఒక కాగితం వస్తే, 'మనిషి ఆరోగ్యంగా, ప్రశాంతంగా ఉంది. కుటుంబమంతా సంతోషంగా ఉన్నాం' అని రాసి సంతకం పెట్టాడు. అది అబద్ధమని ఆయనకు అనిపించలేదు.

నాలుగో నెలలో ఒక రోజు కీర్తన ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది. ఇంటర్ మొదటి ఏడు చదువుతోంది. మాట తీరులో తల్లి పోలిక.

"నాన్నా, అమ్మ నన్ను తిట్టి ఎన్నాళ్ళైందో తెలుసా?"

"మంచిదేగా తల్లీ."

"కెమిస్ట్రీలో ఇరవై ఒకటి వచ్చింది. నూటికి! కాగితం చూసింది, పక్కన పెట్టింది, అన్నం తినమంది. మీకది మంచిగా ఉందా?"

"అమ్మ ఇప్పుడు శాంతంగా..."

"శాంతం కాదు నాన్నా. నేను చూశాను. నన్ను తిట్టబోయింది. నోరు తెరిచింది. తెరిచి, తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఎందుకమ్మా అంటే, ఏం లేదే, కళ్ళు తిరిగాయి అంది. నాకెందుకో భయంగా ఉంది."

ఆ ఆదివారం మధ్యాహ్నం రంగనాయకులు భార్యను కూర్చోబెట్టి, హారతిపళ్ళెమంత ఉండే పరికరాన్ని ఆవిడ ఎడమ భుజం కింద ఆనించి చిప్పులోని లెక్కలు దించుకున్నాడు.

"ఏముందండీ లోపల? నా రహస్యాలన్నీ తెలిసిపోతాయా?" అని ఆవిడ చిన్నగా అంది. ఇప్పుడావిడ అన్నీ చిన్నగానే అనేది.

తెర మీద రెండు గీతలు వచ్చాయి. ఒకటి ఒళ్ళు అడిగినది. రెండోది చిప్పు ఇచ్చినది. దీక్ష రోజుల్లో రెండూ ఒకదాని మీద ఒకటి పడి, చదునైన చేను మీద గట్టులా సాగాయి. నలభై రెండో రోజు నుంచి అడిగే గీత అక్కడక్కడా కొండలా లేచింది. ఇచ్చే గీత లేవలేదు. నిమిషానికి తొంభై ఆరు దెబ్బల దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఆయన తేదీలు చూశాడు. ఒక కొండ ట్యాంకరు వచ్చిన రోజు. ఒకటి ఆవిడ తమ్ముడికి కొడుకు పుట్టాడని ఫోను వచ్చిన రోజు, అంటే సంతోషం. ఒకటి కీర్తన మార్కుల కాగితం తెచ్చిన రోజు. ప్రతిసారీ ఒళ్ళు నీళ్ళు అడిగింది. బోదెలు అక్కడ లేవు, పూడిపోయాయి.

అంతకంటే ఘోరమైనది గీతల చివర కనిపించింది. మూడో నెల నుంచి కొండలు చిన్నవయ్యాయి. నాలుగో నెలకు దాదాపు లేవు. చిప్పు ఇవ్వదని ఒంటికి తెలిసిపోయి, మనిషి అడగడం మానేసింది.

రంగనాయకులు పరికరాన్ని గుడ్డలో చుట్టి లోపల పెట్టాడు. "అంతా బాగానే ఉంది" అన్నాడు.

*

ఆయన మొదట అరుంధతి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కాగితాలు ఒకటికి రెండుసార్లు చూసింది.

"తీగ కొస గుండె కండలో కలిసిపోయి ఉంటుందండీ. దాన్ని పీకి ఇంకోటి పెట్టాలంటే... ఇలాంటి గుండెలు పదింటిలో మూడు బల్ల మీదే ఆగిపోతాయి. నా తోడబుట్టినదానికైతే నేను చెయ్యను."

"ఇలాగే ఉంటే?"

"ఇలాగే ఉంటే బతుకుతుంది. మెల్లగా నడిచి, మెల్లగా మాట్లాడితే ఎన్నేళ్ళైనా బతుకుతుంది. ఒక్కసారి పట్టలేని కోపమో, ఏడుపో, ఆ మాటకొస్తే పట్టలేని నవ్వో వచ్చిందనుకోండి, అప్పుడు చెప్పలేను."

ఆ తర్వాత ప్రయోగశాలకు వెళ్ళి మిగతా పదకొండుమంది లెక్కలూ తీయించాడు. నలుగురికి ఇలాగే ఉంది. కారణం దీక్ష కాదు. ఆపరేషన్ అయిన మనిషిని మంచం దిగనివ్వకుండా కాపాడుకున్న ఇళ్ళు అవి. కాగితంలో ఏం రాసినా, ప్రేమ ఉన్నవాళ్ళు మామూలుగా ఉండనివ్వరు. ఆ మాట కాగితం రాసినవాళ్ళకు తెలియదు. మరో మూడు వందల చిప్పులు పెట్టెల్లో సిద్ధంగా ఉన్నాయి. శనివారం సమావేశంలో రంగనాయకులు సంతకం పెడితే సోమవారం ఆస్పత్రులకు వెళతాయి.

డైరెక్టర్ హరగోపాల్ చెడ్డవాడు కాదు. అలసిపోయిన మనిషి.

"రంగనాయకులుగారూ, ఆ మూడు వందలమంది ఎదురుచూస్తున్నారండి. బ్యాటరీ మార్చడానికి మళ్ళీ కోయించుకోలేనివాళ్ళు. అంకె మార్చాలంటే చిప్పంతా మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి, రెండేళ్ళు పడుతుంది. ఈలోగా వాళ్ళలో ఎందరు ఉంటారు?"

"కానీ సార్, ఆ నలుగురూ..."

"నలుగురిలో ఎవరన్నా ఫిర్యాదు చేశారా? ఇవిగో ఇంటివాళ్ళ అభిప్రాయాలు. అందరూ బాగుందనే రాశారు." ఆయన కాగితాలు తిప్పి ఒకటి పైకి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది చాలా బాగా రాశారు."

రంగనాయకులు చూశాడు. తన చేతిరాత. తన సంతకం.

ఆయన సంతకం పెట్టనూ లేదు, పెట్టనని అననూ లేదు. "శనివారం చెబుతాను సార్" అని లేచి వచ్చేశాడు. మెట్లు దిగుతూ తనకే అనిపించింది, నా బోదెలు ఎవరు పూడ్చారని. తనకెవరూ ఏ చిప్పూ పెట్టలేదు.

*

మర్నాడు శుక్రవారం మధ్యాహ్నం తిరుపతమ్మ నేల మీద కూర్చుని గోంగూర ఆకు దూస్తోంది. ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చెప్పాలి. చెబితే ఆవిడకు కోపం రావాలి. వచ్చిన కోపం ఆవిడను చంపవచ్చు. చెప్పకపోతే జీవితమంతా ఆవిడ తన నోరు మూసింది అమ్మవారే అనుకుంటుంది. రెండు రోజులుగా ఆయన తిండి సరిగా తినకపోవడానికి కారణం ఇదే.

చెప్పాడు. మధ్యలో ఆగకుండా, నేల చూస్తూ, మండలం అన్న మాట తన నోటి నుంచే వచ్చిన దగ్గర నుంచి మొత్తం చెప్పాడు.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. మెడ మీద ఎరుపు పాకింది. నోరు తెరిచింది.

"ఆగండి" అంది తిరుపతమ్మ. ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్ళు పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. "నాకు కోపం వస్తోంది. కాస్త తగ్గనివ్వండి."

చాలాసేపటికి ఆవిడ కళ్ళు తెరిచింది.

"నాలుగు నెలలుగా నేర్చుకున్న విద్య ఇది. లోపల ఏదన్నా లేస్తే ఇలా పట్టుకుని కూర్చుంటే పోతుంది. అమ్మవారు నా నోరు కట్టేసిందనుకున్నా. ఇన్నాళ్ళూ అందరినీ అన్న మాటలకు శిక్ష అనుకున్నా. మంచికేలే అని సర్దుకున్నా." ఆవిడ ఒక ఆకు తీసి చూసి పక్కన పెట్టింది. "ఆవిడ మీద ఎంత నెపం పెట్టానండీ. ఆవిడ ఏనాడైనా నన్ను మాట్లాడొద్దందా?"

"తప్పు నాది."

"అభిప్రాయం అడిగిన ఆ కాగితం మీద ఏం రాశారు?"

"ప్రశాంతంగా ఉందని."

"మీకు నిజంగా బాగుందా? అబద్ధం చెప్పకండి. ఎలాగూ తిట్టలేను."

రంగనాయకులు ఒక గోంగూర కాడ అందుకున్నాడు. "కొన్నాళ్ళు బాగుంది తిరుపతీ."

ఆవిడ తల ఊపింది. మళ్ళీ మణికట్టు పట్టుకుంది. ఈసారి కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి, వచ్చినవి రెండే చుక్కలు. అంతకు మించి ఏడవడానికి ఆవిడకు అనుమతి లేదు. ఆ అనుమతి రాసినవాడు ఎదురుగా కూర్చుని గోంగూర కాడలు ఏరుతున్నాడు, చేతులకు ఏదో ఒక పని కావాలి కాబట్టి.

"తీసేయిస్తే పదిలో మూడు అన్నదా డాక్టరమ్మ?"

"ఊఁ."

"వద్దులెండి. కీర్తన పెళ్ళి చూడాలి. నవ్వుతూ కాకపోయినా చూడాలి." మళ్ళీ ఆకు అందుకుంటూ అడిగింది. "ఆ మూడు వందలు ఎప్పుడు వెళ్తాయి?"

"సోమవారం. రేపు సమావేశంలో నేను సంతకం పెట్టాలి."

"పెడతారా?"

"పెట్టనని చెప్పాలి. వాళ్ళు వినరు. వాళ్ళు మాట్లాడటం మొదలుపెడితే నేను..."

"రెండేళ్ళ దాకా ఆగలేనివాళ్ళు అందులో ఉన్నారంటున్నారుగా. వాళ్ళ సంగతో?"

"వాళ్ళు పోతారేమో. తెలీదు. కనీసం అందరికీ నిజం చెప్పాలి. పెట్టించుకునేముందు చెప్పాలి. మీ మనిషి బతుకుతుంది కానీ సగమే బతకొచ్చు అని. అప్పుడు వద్దన్నా, కావాలన్నా వాళ్ళ ఇష్టం."

"ఆ మాట నాతో చెప్పినట్టు చెబితే వినపడదు" అంది తిరుపతమ్మ. "నా ఎదురుగా కూర్చున్నారు కాబట్టి నాకు వినపడింది."

*

శనివారం పొద్దున్న ఏడున్నరకు మస్తాన్ బండి వీధిలోకి వచ్చింది. తిరుపతమ్మ వరండాలోకి వచ్చి కమ్మీ పట్టుకుని నిలబడింది. రంగనాయకులు అప్పటికే ఆఫీసు బట్టలు వేసుకుని కాఫీ తాగుతున్నాడు.

"ఇలా రండి. మస్తాన్‌ను ఆపండి. వంకాయలు కావాలి."

"కిందకు వెళ్ళి తెస్తాను."

"కిందకు వద్దు. ఇక్కడి నుంచే."

ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. "మస్తాన్" అన్నాడు. అది పక్కింటి పిట్టగోడ మీది కాకికి కూడా వినిపించలేదు.

"అది కాదు. కడుపులోంచి రావాలి."

"మస్తాన్!"

"ఆ ట్యాంకరువాడు పది రోజులు రాలేదనుకోండి. కీర్తనకు ఇరవై ఒకటి వచ్చిందనుకోండి." తిరుపతమ్మ గొంతు చిన్నగానే ఉంది. వేళ్ళు మణికట్టు మీదకు వెళ్ళాయి. "నాకేం జరిగిందో అనుకోండి."

బండి మలుపు దాకా వెళ్ళిపోయింది. రంగనాయకులు కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మస్తానూ, ఆగు!"

గొంతు జీరపోయి, చివర విరిగి, ఏడుపులా బయటికి వచ్చింది. గది లోపల కీర్తన చేతిలోంచి దువ్వెన కింద పడింది. కింది వాటావిడ తల బయటపెట్టింది. మలుపు దగ్గర బండి ఆగింది. మస్తాన్ వెనక్కి తోసుకుంటూ వచ్చి, తల పైకెత్తి, వరండాలో ఉన్నది ఎవరో పోల్చుకోలేనట్టు చూశాడు.

"ఏంటి సారూ, మీరు పిలుస్తున్నారు? అమ్మగారు ఇంట్లో లేరా?"

రంగనాయకులు పక్కకు చూశాడు. తిరుపతమ్మ కళ్ళు మూసుకుని, మణికట్టు పట్టుకుని, పెదవులు కదుపుతూ గుండె దెబ్బలు లెక్కపెట్టుకుంటోంది. తొంభై నాలుగు. తొంభై అయిదు.

ఉందని చెప్పడానికి ఆయనకు వెంటనే నోరు రాలేదు.